రెండో అగ్గిపుల్ల

నెల్లిమర్ల మిల్లు గ్రాట్యుటీ
పదకొండేళ్ళు ఆలస్యంగా వచ్చింది.
ఇంటికి స్లాబు వేస్తాడనుకున్నారు అందరూ.
నేను చొక్కా జేబులో చెవిపరీక్ష కాగితం పెట్టుకుని
విజయనగరం బస్సెక్కాను,
పక్క సీట్లో సన్యాసమ్మ.

ఆ కాగితం మీద గీత
కొంతదూరం తిన్నగా నడిచి
నాలుగువేల దగ్గర
కొండ అంచు మీంచి జారిపోయింది.
"ఆపైన మీకేం లేదు" అన్నాడు డాక్టరు,
ఖాళీ బియ్యం డబ్బా బోర్లించి చూపించినట్టు.
ముప్ఫైరెండేళ్ళు నేసిన గోనెసంచుల్లో
ఏ సంచిలో పడి వెళ్ళిపోయాయో
పిచికలూ, గాజులూ, కుక్కరు ఈలా.

గంటస్తంభం దాటాక మేడమీద కొట్టు.
గోడలకి దుప్పట్లు, నేలకి తివాచీ,
చెప్పులు బయట.
కెంబూరి హరిశ్చంద్ర, మీసం ఇంకా కుదురుకోని కుర్రాడు,
మూడు డీఏసీలు వరసగా పెట్టాడు.
ఇరవైరెండు వేలు. అరవైఎనిమిది. లక్షా నలభై.
అంకెలు తిని పాట కక్కే పెట్టెలు.
"దీంట్లో నిశ్శబ్దం ఎంత నల్లగా ఉంటాదో వినండి సార్."

బాబూ,
నా ఎడమ చెవిలో ఒక కీచురాయి కాపురముంది.
ఇరవై ఏళ్ళుగా అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు.
లక్షా నలభై పెట్టి కొన్న నిశ్శబ్దాన్ని
తెల్లారేసరికి కొరికి పెడుతుంది.
ఇవేవీ అనలేదు. తలూపాను.

పాట మేమే తీసుకెళ్ళాం, పెన్‌డ్రైవులో.
పాత క్యాసెట్టులోంచి ఎక్కించింది:
మా మావ తప్పెటగుళ్ళ జట్టు,
గుర్ల సంత దగ్గర, ఎవరిదో టేప్‌రికార్డరు ముందు.
నాకు తప్పెట తెలిసింది. గజ్జె తెలియలేదు.

సన్యాసమ్మ సోఫా అంచున కూచుంది.
మిల్లు గేటు బయట చోడంబలి అమ్మిన మనిషి,
మగ్గాల దగ్గరికి ఒక్కనాడూ రాని చెవులు.
మొదటి పెట్టెకి ఏమీ అనలేదు.
రెండోదానికి చెయ్యెత్తింది.
"ఆపు. ఎనక్కి తిప్పు బాబూ.
పాటకీ పాటకీ మజ్జిన మా అయ్య సుట్ట ముట్టించినాడు.
మొదటి పుల్ల సెమ్మది. రెండోది అంటుకుంది."
కుర్రాడు కళ్ళు మూసుకుని విన్నాడు.
"అవునమ్మా. రెండు."

లక్షా నలభైదీ వినిపించాడు.
"ఇందులోనూ రెండే గదా," అంది,
"మూడో పుల్ల గీసుంటే ఇచ్చీవోళ్ళం."

యాంప్లిఫయరు మాత్రం నేను ఎంచాను.
వాట్లు, క్లాసులు, వాల్వులు, కుర్రాడు చెబుతుంటే
వాడి పెదాలు చూస్తూ ఉండిపోయాను.
మిల్లులో మా భాషంతా పెదాలదే.
తర్వాత ఒక్కోదాని నెత్తిన అరచెయ్యి ఆన్చాను,
మగ్గం రోగం మేం అలాగే పట్టేవాళ్ళం.
ఒకటి సన్నగా వణికింది, లోపల ట్రాన్స్‌ఫార్మరు వదులు.
ఒకటి మరీ చల్లగా ఉంది, పనిదొంగలా.
మూడోది వెచ్చగా, కదలకుండా,
రాత్రి షిఫ్టులో కునుకు తియ్యకుండా నిలబడ్డవాడి వీపులా.
"ఇది."
పద్దెనిమిది కిలోలు.
బేరం ఆవిడ ఆడింది.

ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను.
స్టెబిలైజరు కొనలేదని
మొయిద జంక్షన్ దగ్గర గుర్తొచ్చింది.

రాత్రి, కరెంటు నిలకడగా ఉన్న ఓ అరగంటలో
పాట పెట్టాను, అరచెయ్యి వెచ్చటి రేకు మీద.
తప్పెట మోచేతి దాకా వచ్చింది.
పాట ఆగింది.
నాకు కీచురాయి తప్ప ఏమీ లేదు.
గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న సన్యాసమ్మ
తలెత్తకుండానే
ఒక వేలు చూపించింది.
కాస్త ఆగి,
రెండోది.